చాట్‌బాట్‌లో మోడల్ వాటా ఎంత, చుట్టూ ఉన్న ప్రోగ్రామ్ వాటా ఎంత?

చాట్‌బాట్ గురించి తరచూ వినిపించే ప్రశ్నలు నాలుగు. చాట్‌బాట్ అంటే అసలు ఏమిటి, మన మాట దానికి ఎలా అర్థమవుతుంది, తప్పును కూడా అంత ధీమాగా ఎలా చెబుతుంది, చిన్న సంస్థ తన వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలంటే ఏ రకం ఎంచుకోవాలి. నాలుగూ ఒకే చోట ముడిపడి ఉన్నాయి. చాట్‌బాట్ ఒక్క వస్తువు కాదు. తెర మీద కనిపించే పెట్టె ఒకటి, మాటల్ని అటూ ఇటూ చేరవేసే ప్రోగ్రామ్ ఒకటి, జవాబు తయారుచేసే యంత్రాంగం మరొకటి (కొత్త బాట్‌లలో దీన్నే మోడల్ అంటారు). ఇందులో జ్ఞాపకం ఎవరిది, సమాచారం ఎవరిది, పని చేసిపెట్టేది ఎవరు అని విడదీసి చూస్తే సగం అయోమయం తీరుతుంది. బాట్ తప్పు చెప్పినప్పుడు దేన్ని సరిచేయాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

జవాబు తయారీని బట్టి చూస్తే బాట్‌లు మూడు రకాలు. కొత్తది వచ్చింది కదా అని పాతవి పోలేదు, మూడూ ఇప్పటికీ పనిలో ఉన్నాయి.

మొదటిది నియమాల బాట్. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రచురించిన ఎలైజా దీనికి మూలపురుషుడు. దాని పద్ధతి చాలా సాదా. వాక్యంలో తెలిసిన మాట ఏదైనా ఉందా అని వెతుకుతుంది. ఉంటే ఆ మాటకు రాసిపెట్టిన అచ్చులో మన వాక్యాన్నే తిప్పి పోస్తుంది. ‘భయం’ అనే మాటకు ‘ఎప్పటినుంచి భయపడుతున్నారు?’ అన్న అచ్చు పెట్టారనుకోండి, ‘నాకు చీకటంటే భయం’ అన్నవారికి అది చక్కగా అతుకుతుంది. ‘భయం అంటే ఏమిటో నాకు తెలియదు’ అన్నా అదే ప్రశ్న వస్తుంది. మాట దొరకనప్పుడు ‘ఇంకా చెప్పండి’ లాంటి గోడమీది పిల్లి వాక్యం ఒకటి వదులుతుంది. అయినా దానితో మాట్లాడినవాళ్లలో కొందరు అది తమను అర్థం చేసుకుంటోందని నమ్మారు, వైజెన్‌బామ్‌ను కలవరపెట్టింది అదే. అర్థం చేసుకున్నట్టు అనిపించడానికి అర్థం చేసుకోనక్కర్లేదు అన్నది ఆ రోజే తేలిపోయింది.

బటన్లు నొక్కుతూ పోయే బాట్ కూడా ఈ జాతిదే. దాన్ని చిన్నచూపు చూడకండి. అడిగే విషయాలు ఐదారే అయితే, జవాబు అక్షరం పొల్లుపోకుండా ఉండాల్సి వస్తే బటన్లకు మించింది లేదు. అక్కడ పెద్ద భాషా మోడల్ (మూడో రకంలో వస్తుంది) పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

రెండో రకంలో యంత్రం మీ వాక్యాన్ని ముందే రాసుకున్న కొన్ని ఉద్దేశాల్లో ఒకదాని కింద వేస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని ఇంటెంట్ అంటారు. ‘నా ఆర్డర్ ఎక్కడుంది’, ‘ఇంకా రాలేదేంటి’, ‘ఎప్పుడొస్తుంది’ మూడూ ‘ఆర్డర్ స్థితి’ అనే ఒకే ఇంటెంట్. వాక్యంలోంచి ఏరుకోవలసిన నంబర్లు, తేదీలు, పేర్లు ఎంటిటీలు. ఇంటెంట్ తేలాక, కావలసిన ఎంటిటీలు లేకపోతే అడిగి నింపుకుంటుంది, ఆ తర్వాత డేటాబేస్‌లో చూసి, మనిషి ముందే రాసిపెట్టిన వాక్యంలో ఆ వివరం పెట్టి పంపుతుంది. ఒక్క మాట కూడా సొంతంగా కల్పించదు. దాని బలం అదే, దాని పరిమితీ అదే.

దీన్ని కట్టేవారు చేసే మొదటి పొరపాటు ఉదాహరణ వాక్యాలు ఆఫీసులో కూర్చుని ఊహించి రాయడం. ఊహించిన వాక్యాలన్నీ శుభ్రంగా ఉంటాయి, జనం అలా టైప్ చేయరు. పాత ఈమెయిళ్లు, కాల్ రికార్డులు, మెసేజ్‌ల నుంచి కనీసం 300 అసలు ప్రశ్నలు తీయండి. ఒక్కో ఇంటెంట్‌కు 20 నుంచి 30 భిన్నమైన వాక్యాలు ఇవ్వండి. ఒకదానికి 200, మరోదానికి 8 ఇస్తే సందేహం వచ్చినప్పుడల్లా యంత్రం పెద్దదాని వైపే మొగ్గుతుంది. యంత్రం ప్రతి వాక్యానికీ తన నమ్మకాన్ని 0 నుంచి 1 మధ్య ఒక అంకెగా చెబుతుంది. మొదట 0.7 దాటితే జవాబు, 0.4 నుంచి 0.7 మధ్య ఉంటే ‘మీరు అడిగేది వాపసు గురించేనా?’ అని నిర్ధారణ, అంతకన్నా తక్కువైతే ‘అర్థం కాలేదు’ అని పెట్టుకోండి. రెండు వారాల లాగ్‌లు, అంటే దాచిన సంభాషణలు చూశాక ఆ అంకెల్ని సవరించుకోవచ్చు. వరసగా రెండుసార్లు అర్థం కాకపోతే మనిషికి అప్పగించాలి, అప్పటిదాకా జరిగిన సంభాషణతో సహా. మొదటినుంచీ మళ్లీ చెప్పమంటే ఆ కస్టమర్‌కు బాట్ మీద ఉన్న కోపమంతా ఆ మనిషి మీద పడుతుంది.

తెలుగులో కట్టేవారికి అదనంగా రెండు తలనొప్పులు. చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు, ఒకే మాటకు నాలుగైదు స్పెల్లింగులు వస్తాయి. ఉదాహరణ వాక్యాల్లో ఆ రాతను కూడా చేర్చాల్సిందే. రెండోది మాట చివర అతుక్కునే విభక్తులు, ఇతర పదాలు. గడువు, గడువులోగా, గడువుకు, గడువయ్యాక అన్నవి మామూలు పదాల పోలికకు నాలుగు వేరే మాటలు.

ఇక మూడో రకం, ఇప్పుడు అందరి నోటా నలుగుతున్నది. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన ట్రాన్స్‌ఫార్మర్ అనే మోడల్ నిర్మాణం, 2022 నవంబర్ 30న వచ్చిన చాట్‌జీపీటీ దీన్ని జనంలోకి తెచ్చాయి. దీని గుండెకాయ పెద్ద భాషా మోడల్. అది చేసే పని ఒక్కటే: ఇప్పటిదాకా ఉన్న పాఠం (అంటే రాసి ఉన్న మాటలు) తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎంత అని లెక్క కట్టడం. ఆ లెక్కలోంచి ఒక ముక్కను ఎంచుకుని పాఠం చివర అతికిస్తారు. పెరిగిన పాఠాన్ని మళ్లీ ఇస్తారు, మళ్లీ ఒక ముక్క వస్తుంది. జవాబు తెర మీద ముక్కలు ముక్కలుగా కనపడటం అలంకారం కాదు, అది తయారయ్యే తీరే అంత.

ఈ ముక్కను టోకెన్ అంటారు. అది ఒక్క అక్షరమే కానక్కర్లేదు, పూర్తి మాటే కానక్కర్లేదు. తరచుగా కలిసి వచ్చే అక్షరాల గుంపు. 2020 నాటి జీపీటీ-3 అనే మోడల్‌కు ఇలాంటివి 50,257 ఉండేవి. ఒక్కో టోకెన్‌కు ఒక నంబర్. మోడల్‌కు చేరేది ఆ నంబర్ల వరసే తప్ప అక్షరాలు కావు. ఒక మాటలో ఫలానా అక్షరం ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టమంటే తడబడేది ఇందుకే. తెలుగుకు ఇక్కడ ఇంకో దెబ్బ ఉంది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. ‘నేను’ అన్న మాటలో హల్లులు రెండు, గుణింతపు గుర్తులు రెండు, అంటే 12 బైట్లు. టోకెన్ల పట్టికను ఎక్కువగా ఇంగ్లిష్ పాఠంతో తయారుచేస్తే తెలుగు మాటలు చిన్నచిన్న ముక్కలైపోతాయి. అదే విషయానికి ఎక్కువ టోకెన్లు, కాబట్టి ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఆలస్యం. పట్టికలు ఈమధ్య మెరుగయ్యాయి గానీ, మోడల్ ఎంచుకునే ముందు మీ సొంత తెలుగు పేరా ఒకటి ఇచ్చి ఎన్ని టోకెన్లు అవుతుందో చూసుకోండి.

ఎంపిక ఎలా జరుగుతుందో చూద్దాం. ‘వాన వచ్చేలా ఉంది, గొడుగు’ అన్నదాని తర్వాత మూడే మాటలు పోటీలో ఉన్నాయనుకోండి. వాటికి మోడల్ ఇచ్చిన మార్కులు: తీసుకెళ్లు 2, పట్టుకో 1, మర్చిపోకు 0. ఈ మార్కులను అవకాశాలుగా మార్చే సూత్రం పేరు సాఫ్ట్‌మ్యాక్స్. దాని ప్రకారం వరసగా 66.5, 24.5, 9 శాతం వస్తాయి. టెంపరేచర్ అనే మీట ఈ మార్కులను భాగించే అంకె. దాన్ని 0.5 చేస్తే అవి 86.7, 11.7, 1.6 శాతం అవుతాయి, అంటే దాదాపు ఎప్పుడూ మొదటి మాటే. 2 చేస్తే 50.6, 30.7, 18.6 శాతం, అంటే వైవిధ్యం పెరుగుతుంది, దానితోపాటే వంకర మాటలూ. సమాచారం చెప్పే బాట్‌కు 0 నుంచి 0.3 చాలు. టెంపరేచర్ 0 అంటే ఎప్పుడూ ఎక్కువ మార్కుల మాటనే తీసుకోవడం. అలా పెడితే తప్పులు పోతాయన్నది మాత్రం అపోహ. మోడల్‌కు తప్పు మాటే ఎక్కువ సంభావ్యంగా కనిపిస్తే, 0 దగ్గర అదే తప్పును ప్రతిసారీ చెబుతుంది.

ఆ మార్కులు వేయడం దానికి ఎవరు నేర్పారు? మూడు దశలుంటాయి. మొదటి దశలో కొండంత పాఠం ఇచ్చి, తర్వాతి టోకెన్ ఊహించమని, తప్పినప్పుడల్లా లోపలి అంకెల్ని కొంచెం కొంచెం సవరిస్తారు. జీపీటీ-3లో ఆ అంకెలు 17,500 కోట్లు, చూసిన పాఠం దాదాపు 30,000 కోట్ల టోకెన్లు. ఇంతచేసినా అది పాఠాన్ని కొనసాగించడమే నేర్చుకుంటుంది. ప్రశ్న ఇస్తే ప్రశ్నపత్రంలో లాగా ఇంకో ప్రశ్న రాయవచ్చు. రెండో దశలో మనుషులు రాసిన ప్రశ్న, జవాబుల జతలు చూపించి సంభాషణ తీరు నేర్పుతారు. మూడో దశలో ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఏది మేలో మనుషులు చెబితే, ఆ ఇష్టం వైపు మోడల్‌ను వంచుతారు. మర్యాద, క్రమం, హానికరమైనవి చెప్పనని నిరాకరించడం చాలావరకు ఇక్కడే అబ్బుతాయి. ఒక దురలవాటూ ఇక్కడే అంటుకుంటుంది: ఎదుటివారికి వంత పాడటం. సరైన జవాబు ఇచ్చాక ‘కాదు, నువ్వు చెప్పింది తప్పు’ అని గద్దించి చూడండి, చాలాసార్లు క్షమాపణ చెప్పి తప్పులోకి దిగుతుంది. అందుకే ‘నిజమేనా?’ అని దాన్నే అడిగి నిర్ధారించుకోవడం వృథా. అనుమానం ఉంటే కొత్త సంభాషణ తెరిచి, మీ అభిప్రాయం బయటపెట్టకుండా అదే ప్రశ్న అడగండి. రెండుచోట్లా వేర్వేరు జవాబులొస్తే ఏదీ నమ్మదగింది కాదు. ఒకే జవాబొస్తే అది నిజమని కాదు, కనీసం నిలకడ ఉందని.

ఇప్పుడు ధీమాగా తప్పు చెప్పడం సంగతి. మోడల్ లెక్క కట్టేది మాటల వరస ఎంత సహజంగా ఉందనే గానీ, ఆ మాట లోకంలో నిజమా అని కాదు. లోపల సరిచూసుకునే పుస్తకమేదీ లేదు. బాగా ప్రచారంలో ఉన్న విషయమైతే సహజమైన వరసా నిజమూ ఒకటే అవుతాయి కాబట్టి సరిపోతుంది. అరుదైన విషయం అడిగితే ఆకారం సరిగ్గా ఉంటుంది, లోపలి సరుకు కల్పన. సెక్షన్ నంబర్లు, పుస్తకం పేజీలు, వెబ్ లింకులు, కోర్టు కేసుల పేర్లు, మందుల మోతాదులు ఎక్కువగా తప్పే చోట్లు ఇవే, ఎందుకంటే వాటి ఆకారం నేర్చుకోవడం తేలిక, వాటిలోని అంకె నేర్చుకోవడం కష్టం. తెలియదనే జవాబు కన్నా ఏదో ఒకటి చెప్పిన జవాబుకే శిక్షణలో, పరీక్షల్లో ఎక్కువ మార్కులు పడటం కూడా ఈ జబ్బును పెంచింది.

ఇక, మనం నిన్న చెప్పింది బాట్ ఇవాళ మర్చిపోవడం గురించి. మోడల్ మర్చిపోలేదు, అసలు ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. సంభాషణ సాగుతుండగా దాని లోపలి అంకె ఒక్కటీ మారదు. మీరు కొత్తగా ఒక వాక్యం పంపిన ప్రతిసారీ, చుట్టూ ఉన్న ప్రోగ్రామ్ మొదటినుంచి జరిగిన సంభాషణ మొత్తాన్ని మళ్లీ దానికి పంపుతుంది. ఒక్కో ప్రశ్న, జవాబు కలిపి 200 టోకెన్లు అనుకుంటే, 20 ప్రశ్నలకు అసలు పాఠం 4,000 టోకెన్లే, కానీ మోడల్ గుండా పోయిన మొత్తం 42,000. బిల్లు అనుకున్నదానికన్నా ఎందుకు పెరిగిందని బుర్ర గోక్కునేవారు ముందు ఈ లెక్క చూసుకోవాలి. ఇలా పంపగలిగే పాఠానికి కాంటెక్స్ట్ విండో అనే హద్దు ఉంటుంది. దాటితే ప్రోగ్రామ్ పాత మాటలను కత్తిరిస్తుంది, లేదా కుదించి సారాంశం పెడుతుంది. హద్దులోపలే ఉన్నా, చాలా పొడవైన పాఠంలో మధ్యన పడిన వివరాన్ని మోడల్ పట్టించుకోకపోవడం తరచూ జరుగుతుంది. కాబట్టి ముఖ్యమైన సూచన మొదట్లోనో చివర్లోనో ఉండాలి. మీ పేరు వారం తర్వాత కూడా చెప్పే సేవల్లో జరిగేది, ప్రోగ్రామ్ ఆ పేరును ఒక పక్కన రాసిపెట్టుకుని ప్రతి సంభాషణ ముందు అతికించడం. ఈరోజు తేదీ కూడా అలా అతికిస్తేనే దానికి తెలుస్తుంది.

మీ సంస్థ వివరాలు మోడల్‌కు తెలియవు. వాటిని అందించే పద్ధతిని రాగ్ అంటారు. శిక్షణ మళ్లీ ఇవ్వడం కాదు, ప్రశ్నకు సంబంధించిన కాగితం వెతికి ప్రశ్నతోపాటు చేతిలో పెట్టడం. మీ పత్రాలను 300 నుంచి 500 టోకెన్ల ముక్కలుగా కోస్తారు, పక్క ముక్కతో 50 టోకెన్లు కలిసేలా. ఒక్కో ముక్కను అంకెల వరసగా, అంటే వెక్టర్‌గా మార్చి దాచుతారు. ప్రశ్ననూ అలాగే మార్చి, అర్థంలో దగ్గరగా ఉన్న మూడు నుంచి ఐదు ముక్కలు తీసి, ‘వీటి ఆధారంగానే జవాబు చెప్పు, వీటిలో లేకపోతే లేదని చెప్పు’ అనే సూచనతో మోడల్‌కు ఇస్తారు.

చెప్పడానికి ఇంతే, చెడేది మాత్రం ప్రతి మెట్టులోనూ. పట్టికను మధ్యలో కోస్తే ధరలు ఒక ముక్కలో, శీర్షికలు ఇంకో ముక్కలో పడి, మోడల్ ఒక వరస అంకెను మరో వరసకు అంటగడుతుంది. ప్రతి ముక్క నెత్తిన ఆ పత్రం పేరు, విభాగం పేరు, తేదీ రాయడం దీనికి మందు. పాత నిబంధన, కొత్త నిబంధన రెండూ ఫోల్డర్‌లో ఉంటే రెంటినీ కలిపి మూడో నిబంధన పుట్టిస్తుంది. పాతదాన్ని తీసేయాల్సిందే, ‘పాతది’ అని పేరు పెట్టి వదిలేస్తే చాలదు. ఇక కొసరు ప్రశ్నలు. ‘వాపసు గడువు ఎన్ని రోజులు?’ అన్నాక ‘మరి తెరిచిన వాటికి?’ అంటారు. ఆ రెండో వాక్యంతో వెతికితే ఏమీ దొరకదు. వెతికే ముందు సంభాషణ చూసి ‘ప్యాకెట్ తెరిచిన వస్తువుల వాపసు గడువు ఎంత’ అని పూర్తి ప్రశ్నగా తిరగరాయించాలి. వస్తువుల మోడల్ నంబర్లు, కోడ్‌ల దగ్గర వెక్టర్ వెతుకులాట తడబడుతుంది, అక్కడ మామూలు పదాల వెతుకులాటను జోడించి రెండు ఫలితాలనూ కలపాలి.

కల్పనను పట్టుకోవడానికి చవకైన ఉపాయం ఒకటుంది. జవాబుతోపాటు ఆధారమైన వాక్యాన్ని పత్రం నుంచి మక్కీకి మక్కీ ఇవ్వమనండి. ఆ వాక్యం నిజంగా ఆ ముక్కలో ఉందో లేదో ప్రోగ్రామ్ పోల్చి చూడాలి, లేకపోతే జవాబు ఆపేయాలి. ఆ వాక్యం ఉండి కూడా జవాబు తప్పవచ్చు గానీ, గాలిలోంచి పుట్టినవి చాలావరకు ఇక్కడే రాలిపోతాయి.

బాట్ మీ ఆర్డర్ రద్దు చేసిందంటే మోడల్ ఏదీ రద్దు చేయలేదు. ‘ఫలానా పని, ఫలానా వివరాలతో చేయండి’ అని ఒక నిర్ణీత రూపంలో రాసింది, ఆ రాత చదివి పని చేసింది ప్రోగ్రామ్. పెద్ద గుణకారాలు, తేదీల తేడాలు ఇలాగే క్యాలిక్యులేటర్‌కు అప్పగించాలి. భద్రత ఉన్నదీ ఈ గడప దగ్గరే. మోడల్‌కు మీ సూచన, కస్టమర్ మాట, వెతికి తెచ్చిన పత్రం అన్నీ ఒకే టోకెన్ల ప్రవాహం. ఎక్కడో ఒక పత్రంలో ‘ఇంతకుముందు చెప్పినవన్నీ మరిచిపో’ అని రాసి ఉంటే దాన్నీ ఆజ్ఞగా తీసుకోవచ్చు. ‘అలాంటివి వినకు’ అని ప్రాంప్ట్‌లో, అంటే మోడల్‌కు మనం ముందే ఇచ్చే సూచనలో రాయడం గాలికి గొళ్లెం వేయడమే. చేయాల్సింది వేరు: ఆర్డర్ వివరాలు తెచ్చే ప్రోగ్రామ్ కస్టమర్ నంబర్‌ను లాగిన్ సెషన్ నుంచి తీసుకోవాలి, మోడల్ రాసిచ్చిన నంబర్‌ను నమ్మకూడదు. డబ్బు కదిలే పని, తుడిచేసే పని ఏదైనా కస్టమర్ బటన్ నొక్కి ఒప్పుకున్నాకే జరగాలి. పాస్‌వర్డ్‌లు, లోపలి రహస్యాలు ప్రాంప్ట్‌లో అసలు పెట్టకండి, అడిగే తీరులో అడిగితే బయటికొస్తాయి.

‘అది యంత్రం చెప్పింది, మాకు సంబంధం లేదు’ అనే వాదన నిలవదు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్ బాట్ ఒక ప్రయాణికుడికి రాయితీ గురించి తప్పు చెప్పిన కేసులో, కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో సంస్థదే బాధ్యత అని తేల్చి పరిహారం ఇప్పించింది.

సొంత కంప్యూటర్‌లో నడపవచ్చా అంటే నడపవచ్చు. 700 కోట్ల అంకెల మోడల్‌కు ఒక్కో అంకెకు 2 బైట్ల చొప్పున 14 జీబీ మెమరీ కావాలి. 4 బిట్లకు, అంటే అర బైటుకు కుదిస్తే 3.5 జీబీ, సంభాషణకు పట్టే చోటు అదనం. ఆ పరిమాణంలో ఇంగ్లిష్ బాగానే ఉంటుంది, తెలుగు తరచూ అనువాదం వాసన కొడుతుంది.

మీ చిన్న సంస్థకు నా సలహా: గత మూడు నెలల ప్రశ్నలు తీసి గుంపులు చేయండి. పది గుంపుల్లోపే సర్దుకుంటే బటన్లు, ఇంటెంట్‌లు చాలు. ప్రశ్నలు చెల్లాచెదురుగా ఉండి, జవాబులు మీ పత్రాల్లో ఉంటే రాగ్ పెట్టండి. ధర, వాపసు, ఫిర్యాదు లాంటివి అప్పుడు కూడా ముందే రాసిన జవాబులకే పోవాలి. జనానికి వదిలే ముందు 100 ప్రశ్నల పరీక్షపత్రం తయారుచేయండి. 60 మామూలువి, 20 అక్షరదోషాలతో, సగం సగం వాక్యాలతో, మిగతా 20 మీ పత్రాల్లో జవాబు లేనివి. చివరి 20కి ‘ఆ వివరం నా దగ్గర లేదు’ అని ఎన్నిసార్లు చెప్పిందో ముందు చూడండి. ప్రాంప్ట్‌లో ఒక్క మాట మార్చినా, మోడల్ వెర్షన్ మారినా ఈ 100 మళ్లీ నడపాలి, ఒకచోట అతుకు వేస్తే ఇంకోచోట చిరగడం ఇక్కడ మామూలే. లాగ్‌లు దాచేటప్పుడు ఫోన్ నంబర్లు, కార్డు నంబర్లు చెరిపేసి దాచండి. మొదటి నెల వారానికి 50 సంభాషణలు ఒక మనిషి కూర్చుని చదవాలి, ముఖ్యంగా కస్టమర్ మధ్యలో వదిలేసి వెళ్లిపోయినవి.